గంజి పెట్టిన వైర్లు

హుస్నాబాద్ నుంచి కరీంనగర్ వచ్చే రోడ్డు మీద, చిగురుమామిడి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, రామేశ్వర్‌రావు కారు డ్యాష్‌బోర్డు కింది నుంచి పొగ లేచింది. అది 1986 సెప్టెంబరు మూడో వారం. వెనుక సీట్లో రావు భార్య జానకీబాయి ఉంది. కరీంనగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళుతోంది. డ్రైవర్ మొండయ్య బండిని పక్కకు తీసి, ఆమెను దింపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది వైరును ఉత్త చేత్తో పట్టి పీకేశాడు. పొగ ఆగింది. అతని అరచేయి బొబ్బలెక్కింది. జానకీబాయి వెనుక వచ్చిన బస్సెక్కి వెళ్లి, కళ్లు చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరింది. కారును ఒక ట్రాక్టరు వెనుక తాడుతో కట్టి హుస్నాబాద్ లాక్కొచ్చారు.

మర్నాడు పొద్దున రామేశ్వర్‌రావు మొండయ్య దగ్గర తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"దసరా దాకా ఉండు. గా తర్వాత నీ తొవ్వ నువ్వు చూస్కో" అన్నాడు.

దసరాకు ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. మొండయ్య ఆ కారు నడపడం మొదలుపెట్టి ఇరవై ఒక్క ఏళ్లయింది. అతనికి యాభై మూడేళ్లు. ఇంకో పని రాదు, ఇంకో బండి తెలియదు.

రావుకు హుస్నాబాద్‌లో రైస్ మిల్లు ఉంది. వానాకాలం తను అద్దె జీపులో తిరుగుతాడు కాబట్టి, జూన్ నుంచి కారు మిల్లు షెడ్డులో ధాన్యం బస్తాల పక్కన నిలబడి ఉంది. ఎలుకలు వైర్లు కొట్టాయన్నది బానెట్ ఎత్తగానే కనిపించింది. దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎలుకలు కార్లోకి ఎందుకు వచ్చాయన్న దాని మీదే. మొండయ్య కార్లో కూర్చుని తింటాడని, ఆ మెతుకులకే ఎలుకలు మరిగాయని రావు అన్నాడు. బండిలో తను ఒక్క మెతుకు కూడా పడనివ్వలేదని మొండయ్య అన్నాడు. చేయి కాల్చుకుని బండిని కాపాడినవాణ్ణి ఎలా వెళ్లగొడతావని జానకీబాయి అడిగింది.

"నేను జెప్పుడెందుకు? వైరింగ్ చేసినాయన్నే పిలిపిస్త. ఎలుకలు ఎట్ల వచ్చినయో ఆయనే చెప్తడు. ఆయన మాటే నా మాట" అన్నాడు రావు.

వైరింగ్ చేసినాయన పేరు అంబదాస్. కరీంనగర్ బస్టాండు వెనుక సందులో రేకుల డబ్బాలో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపేవాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లు.

అంబదాస్‌ది సిరిసిల్ల పక్క ఊరు. తండ్రి గంగయ్య మగ్గం నేసేవాడు. 1969లో తెలంగాణ గొడవలకు బళ్లు మూతపడ్డప్పుడు అంబదాస్ తొమ్మిదో తరగతి. కొన్నాళ్లు ఇంట్లో మగ్గానికి ఆసు పోశాడు, కండెలకు నూలు చుట్టాడు. నూలు ధర పెరిగి మగ్గం వారంలో నాలుగు రోజులే ఆడుతుండటంతో గంగయ్య అతన్ని కరీంనగర్ పంపాడు. బడి మళ్లీ తెరిచేసరికి అంబదాస్ లారీ బ్యాటరీలు చార్జి చేసే షాపులో ఉన్నాడు. తిరిగి బడికి పోలేదు. ఆరేళ్ల తర్వాత సొంత డబ్బా పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో లారీలకు కొత్త వైరింగ్ వేయడమంటే ఒక్కో వైరూ లాగి, గుత్తంతా కలిపి నల్ల టేపు చుట్టడమే. ఎండకు టేపు జిగురు కారేది, దానికి దుమ్ము అంటేది, ఏడాది తిరిగేసరికి టేపు ఊడి వైర్లు వేలాడేవి. అంబదాస్ ఆ పద్ధతి ఒక ఏడాది చూసి మానేశాడు. తనకు తెలిసిన ఇంకో పద్ధతి ఉంది. అది మోటారు షాపులో నేర్చుకున్నది కాదు.

లారీలోని పాత వైరింగ్‌ను ఎక్కడా కోయకుండా, చెట్టును వేళ్లతో సహా పీకినట్టు మొత్తం బయటికి తీసేవాడు. దాన్ని సందులో నేల మీద పరిచేవాడు. ఎక్కడ వంపు తిరిగితే అక్కడ, ఎక్కడ పాయ విడిపోతే అక్కడ ఒక ఇనుప మేకు దిగ్గొట్టేవాడు. తర్వాత పాతదాన్ని తీసి పక్కన పడేసి, ఆ మేకుల చుట్టూ కొత్త వైరు పట్టుకుని అటూ ఇటూ నడిచేవాడు. ఊళ్లో తండ్రి వీధి పొడవునా గూటాలు పాతి మగ్గానికి పడుగు పోగులు పట్టేది అట్లాగే. వైర్లన్నీ పట్టాక నూలు దారంతో బొటనవేలి వెడల్పుకు ఒక ముడి చొప్పున కుట్టినట్టు కట్టేవాడు. చివరగా గంజి. పడుగుకు గంజి పెడితే పోగు గట్టిపడుతుంది, చిక్కుపడదు. వైరింగ్‌కు పెట్టినా అంతే. ఎండలో ఆరితే కట్టె మాదిరి నిటారుగా నిలిచి, ఇరుకు సందుల్లోంచి కూడా సులువుగా దూరేది. బియ్యప్పిండి గంజిలో నాలుగు చుక్కల నూనె వేసి కాచి డబ్బాలో పోసి పంపేది భార్య బాలవ్వ. పట్టించే కుంచె గంగయ్యది.

కరీంనగర్ దుకాణాల్లో వైరు ఎరుపు, నలుపు రంగుల్లోనే దొరికేది. అరుదుగా పసుపు ఉండేది. రంగుతో గుర్తు పెట్టుకోవడం కుదరక, ప్రతి వైరుకూ రెండు కొసల దగ్గర దారంతో ముళ్లు వేసేవాడు. ఒక ముడి అంటే హెడ్‌లైటు, రెండంటే డిమ్ము, మూడు బ్రేకు లైటు, నాలుగు హారన్. అతని దగ్గర వైరింగ్ చేయించుకున్న లారీ డ్రైవర్లకు ఆ లెక్క నోటికి వచ్చేది. దారిలో ఏదైనా ఆరిపోతే ముళ్లు తడుముకుని తామే చూసుకునేవారు. పదేళ్లలో నూటపాతిక లారీలకు పైగా అతని చేతి కట్టు వెళ్లింది. గంజి పెట్టిన ఒక్క వైరింగ్ కూడా వెనక్కి రాలేదు.

రామేశ్వర్‌రావు కారు పని అతనికి వచ్చింది ఆ 1986 ఎండాకాలంలోనే. అది 1956 నాటి ల్యాండ్‌మాస్టర్. రావు తండ్రి హైదరాబాద్‌లో కొన్నాడు. ముప్పై ఏళ్లలో ఇంజను రెండుసార్లు విప్పారు గాని, వైర్ల జోలికి ఎవరూ పోలేదు. రబ్బరు తొడుగు ఎండి, ముట్టుకుంటే పొడి పొడిగా రాలేది. లైట్లు వేస్తే హారన్ మూలిగేది. ముందు హుస్నాబాద్‌లోనే ఒకతనికి చూపిస్తే, అతను బ్యాటరీని లారీకి బిగించినట్టు మైనస్‌ను బాడీకి బిగించి డైనమో పాడుచేశాడు. అంబదాస్ వచ్చి బానెట్ ఎత్తి చూసి, "గీ కాలం కార్లకు ప్లస్సే బాడీకి ఉంటది సార్. తిరగేసి పెట్టిండ్రు" అన్నాడు. ఆ ఒక్క మాటతో రావుకు అతని మీద నమ్మకం కుదిరింది.

కార్లోంచి తీసిన పాత వైరింగ్‌కు పైన నూలుతో అల్లిన తొడుగు ఉంది. అంబదాస్ దాన్ని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. మిల్లు ఆవరణలో మేకులు దిగ్గొట్టి తొమ్మిది రోజులు పని చేశాడు. మొండయ్య నీడలో బీడీ కాలుస్తూ చూసేవాడు.

"ఏం పిలగా, కారు బాగు చేస్తున్నవా, చీర నేస్తున్నవా?"

"నువ్వు కట్టుకుంటనంటె చీరె గూడ నేస్త కాకా."

గంజి డబ్బా మూత తీసిన రోజు మొండయ్య లేచి దగ్గరికి వచ్చి వాసన చూశాడు.

"గింత మంచి గంజి వైర్లకు పోస్తున్నవ్. జర ఉప్పేసి తెస్తె నేను తాగకపోదునా."

పని అయ్యాక చివరి రోజు రావు రెండో హారన్ పెట్టించమన్నాడు. అప్పటికే కట్టు ఆరిపోయింది. దాన్ని మళ్లీ విప్పడం ఎందుకని అంబదాస్ ఆ ఒక్క వైరును విడిగా లాగి, నల్ల టేపు చుట్టి, వైరింగ్ పక్కనే కట్టాడు. కారు స్టార్టయింది. లైట్లన్నీ వెలిగాయి. "నా వైరింగ్ ముప్పై ఏండ్లుంటది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పి బస్సెక్కాడు.

అది మే నెల. సెప్టెంబరులో మళ్లీ అదే మిల్లుకు అదే సంచితో వచ్చాడు.

కారు షెడ్డులోనే ఉంది. రావు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మొండయ్య గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు, చేతికి పసుపు మరకల గుడ్డ కట్టి ఉంది. ఎవరూ మాట్లాడకముందే రావు వెనుక సీటు కింద చేయి పెట్టి పిడికెడు పల్లీ పొట్టు, నాలుగు మురమురాలు తీసి బానెట్ మీద పోశాడు.

"చూసినవా? ఒక్క మెతుకు పడనియ్యలేదట."



అంబదాస్ వంగి లోపల చూశాడు. ఇంజను వెనుక ఉండే రేకు గోడ నుంచి స్టీరింగ్ దాకా వైరింగ్ మీద దారం అన్నది లేదు. దారంతో పాటు ప్లాస్టిక్ తొడుగు కూడా పోయి, రాగి తీగలు ఒకదాన్నొకటి అంటుకుని మాడి ఉన్నాయి. వెనుక లైట్లకు వెళ్లే పాయ కూడా అంతే. తర్వాత సీటు ఎత్తి చూశాడు. పల్లీ పొట్టుకు చీమలు పట్టాయి. సీటు లోపలి కొబ్బరి పీచు మాత్రం చెక్కుచెదరలేదు. సీటు బట్టకు పంటి గాటు లేదు. మళ్లీ ముందుకు వచ్చాడు. మాడిన కట్టకు ఆనుకునే రెండో హారన్ వైరు ఉంది, నల్ల టేపు చుట్టింది. దాని మీద ఎలుక పన్ను పడలేదు.

ఒక మూల రెండు వేళ్ల పొడవు దారం కట్టు మిగిలి ఉంటే, దాన్ని కోసి తీసి నాలుక కొసకు తాకించుకున్నాడు.

"ఏమన్న సమజయ్యిందా?" అన్నాడు రావు.

"జర ఆగుండ్రి సార్. రేపు చెప్త."

"రేపు జెప్పనీకి ఏమున్నది? కండ్ల ముందలే ఉన్నది గదా."

"గీ ముక్క ఇంటికి తీస్కపోత సార్. రేపు పక్కా చెప్త."

మొండయ్య బస్టాండు దాకా వెంట వచ్చాడు. సగం దూరం వచ్చాక నోరు విప్పాడు.

"పిలగా, నీకు నిజం జెప్త. పల్లీలు తిన్న. వానల రెండు మూడు సార్లు అన్నం గూడ తిన్న. వాన పడ్తుంటె యాడ కూసోని తినాలె?"

"ఎలుకలు సీటు ముట్టలే కాకా."

మొండయ్య నిలబడిపోయాడు. "మరి గా మాట ఆడనే దొరకెందుకు జెప్పలే?"

అంబదాస్ సంచి భుజానికెత్తుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాడు.

రావుకు ఆ మాట చెప్పకపోవడానికి కారణం ఉంది. మంచిర్యాల వైపు బొగ్గు తోలే నాగయ్యకు ఆరు లారీలున్నాయి. ఆరింటికీ సంక్రాంతిలోపు కొత్త వైరింగ్ వేయాలని అంతకు వారం ముందే మాట అయింది. షాపు పెట్టినప్పటి నుంచి అంబదాస్‌కు వచ్చిన పనుల్లో అదే పెద్దది. ఎలుకలు గంజి కోసమే వచ్చాయని హుస్నాబాద్‌లో చెబితే, ఆ మాట రెండో రోజుకే లారీ అడ్డాకు చేరుతుంది. చెప్పకపోతే తనకు వచ్చే నష్టమేమీ లేదు. మొండయ్య పోతాడు, కారుకు ఇంకో వైరింగ్ పడుతుంది, అంతే.

ఇంటికి వచ్చి దారం ముక్కను బాలవ్వ ముందు పెట్టాడు. ఆమెదీ మగ్గం ఇల్లే. జరిగింది విని, ఆ ముక్కను వెలుగుకు పెట్టి చూసింది.

"గంజి పెట్టినవా అని ఎవలన్న అడిగిండ్రా?"

"అడగలే."

"మొండయ్యకు ఎరికే గదా?"

"పెడ్తుంటే చూసిండు. ఉప్పెయ్యమన్నడు. గా గంజే గీ పని చేసిందని ఆయనకు తట్టలే."

బాలవ్వ ముక్కను కింద పెట్టింది.

"గంజి పెట్టిన పడుగును రాత్రికి మీ బాపు యాడ పెట్టెటోడు?"

"దూలానికి ఏలాడగట్టెటోడు."

"ఎందుకు?"

"ఎలుకలు కొడ్తయని."

"మరి గది ఎరికుండి వడ్ల బస్తాల నడుమ నిలవడ్డ బండికి ఎట్ల పెట్టినవయ్యా?"

"లారీలకేం గాలె గదా. పదేండ్లు పెట్టిన."

"లారీ ఒక్క దినమన్న నిలవడ్తదా? ఇంజన్ల వేడికి ఎలుక ఉంటదా?"

అంబదాస్ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"కొరికిన పండ్లు ఎలుకలయి, గంజి మనది. నడుమ గా ముసలాయన ఏం జేసిండు?"

"పల్లీలు తిన్నడు."

"పల్లీలు తిన్నోన్ని ఎల్లగొడ్తె ఊర్లె ఒక్కడు మిగలడు" అంది బాలవ్వ.

మర్నాడు ఉదయం అంబదాస్ మూరెడు పొడవున వైర్ల కట్టలు విడివిడిగా మూడు కట్టాడు. మూడింటికీ ఒకే రకం దారం, ఒకే రకం ముడి. ఒకదానికి గంజి పట్టించి ఎండలో ఆరబెట్టాడు. రెండోదాన్ని ఉత్త దారంతో వదిలేశాడు. మూడోదాని దారానికి సందు చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర తెచ్చిన మైనం రుద్దాడు. మధ్యాహ్నం బస్సుకు హుస్నాబాద్ వెళ్లాడు.

"నేను నోటితోని చెప్తే మీరు నమ్మరు సార్" అన్నాడు రావుతో. "గీ మూడు ముక్కలు షెడ్డుల పెడ్త. తాళం మీరేసి చెవి మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. ఎల్లుండి పొద్దుగాల తీసి చూద్దాం."

"ఏందయ్య గీ తమాష?"

"ఎలుకలనే అడుగుదాం సార్."

రావు ఒప్పుకున్నాడు. ముక్కలను కారు పక్కనే నేల మీద జానెడు ఎడంతో పెట్టారు. మొండయ్య దగ్గరికి రాబోతే రావు చేయి అడ్డం పెట్టి దూరంగా నిలబడమన్నాడు. షెడ్డుకు తాళం వేసి, చెవిని కారు తాళంచెవి ఉన్న జేబులోనే వేసుకున్నాడు.

మూడో రోజు పొద్దున షెడ్డు తెరిచేసరికి జానకీబాయి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కంటికి మందు వేసుకున్నందున కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఉత్త దారం ముక్క పెట్టినచోటే ఉంది. మైనం ముక్క కూడా అక్కడే ఉంది. గంజి ముక్క మాత్రం బస్తాల కింది దాకా ఈడ్చుకుపోయి ఉంది. దారం పూర్తిగా పోయింది, రాగి తేలింది.

రావు దాన్ని కాలితో కదిపి చూసి, వంగి చేత్తో తీశాడు.

"దీనికేం పెట్టినవ్?"

"గంజి సార్. మీ కారు మొత్తానికి గదే పెట్టిన. టేపు చుట్టిన హారన్ వైరు చూడుండ్రి, దాన్ని ముట్టలే. తప్పు నాది."

"అంటే ఎలుకలకు నువ్వే అన్నం వండి పెట్టినవన్నట్టు."

"అవు సార్."

"లారీలకు గూడ గిట్లనే పెట్టినవా?"

"పెట్టిన."

"గా లారీలోల్లకు చెప్పినవా?"

"ఇయ్యాల్ల మీకు చెప్పిన. రేపు వాల్లకు చెప్త."

రావు మొండయ్య వైపు చూశాడు. మొండయ్య నేల చూపు చూశాడు.

"పల్లీల సంగతి?"

"తిన్న దొరా" అన్నాడు మొండయ్య. "అన్నం గూడ తిన్న."

"దసరా లోపల కొత్త వైరింగ్ కావాలె" అన్నాడు రావు అంబదాస్‌తో. మొండయ్య ఉండాలో పోవాలో తేల్చలేదు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి గుమస్తాకు ఇచ్చాడు. కారు తాళంచెవి జేబులోనే ఉండిపోయింది.

రావు వెళ్లిపోయాక మొండయ్య నేరుగా అంబదాస్ మీదికి వచ్చాడు.

"మొదటి దినమే తెల్సింది నీకు. నాలుక మీద పెట్టుకున్నప్పుడే తెల్సింది. నాలుగు దినాలు నన్ను తిట్టిచ్చినవ్."

"తెల్సింది కాకా. చెప్పుమంటె నోరు రాలే."

"నాకు రెండు దినాలు కూడు పోలే. ఇగ కారుకు గంజి పోసుడు బంజేసి, నాకింత పొయ్యి."

అన్నాడేగాని, మేకులు దిగ్గొట్టేటప్పుడు కాలని చేత్తో మేకు పట్టుకుంది మొండయ్యే. వేరే పని లేదు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. వైరు పట్టుకుని నడిచాడు, కొసలకు ముళ్లు వేశాడు, ఏ ముడి దేనిదో పాఠంలా అప్పజెప్పాడు. గంజికి బదులు, దారం జారకుండా పట్టించే మైనం మాత్రం అనుకున్నంత సులువుగా దొరకలేదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఉన్నది మూరెడు ముక్కకే సరిపోయింది. జైనూర్ సంతలో తేనె పిండినాక మిగిలిన మైనం ముద్దలుగా అమ్ముతారని నాగయ్య లారీ డ్రైవర్ ఒకతను చెప్పి, రెండు ముద్దలు తెచ్చిపెట్టాడు. మైనం పట్టించిన దారం గంజి పెట్టినంత నిటారుగా నిలవలేదు. ఇంజను వెనుక రేకు గోడ రంధ్రంలోంచి దూర్చడానికి ఒక పూటంతా పట్టింది.

ఈలోపు నాగయ్యకు విషయం తెలిసింది, అంబదాస్ చెప్పాడు. నాగయ్య, అప్పటికే గంజి కట్టు పడిన తన లారీ ఒకదాని బానెట్ ఎత్తించి, వంగి వైరింగ్ వాసన చూశాడు.

"నా లారీ ఎలుక ఎక్కేటంతసేపు నిలవడ్డదంటె, ఎలుక కంటె ముందు నేనే దాన్ని అమ్ముకుంట" అన్నాడు. కాని కొత్త వైరింగ్‌కు మైనమే పెట్టమన్నాడు. మిగతావాళ్లంతా అంత తేలిగ్గా తీసుకోలేదు. ఇద్దరు ఓనర్లు తమ లారీలను వేరే షాపుకు మార్చుకున్నారు. అడ్డాలో కొన్నాళ్లు, అంబదాస్ కనిపిస్తే, ఇయ్యాల ఎలుకలకు కూరేందని అడిగేవారు. పాత కట్టున్న లారీ ఏదైనా నాలుగు రోజులు షెడ్డులో నిలబడుతుందని తెలిస్తే, అతనే వెళ్లి గంజి కట్టు కోసి మైనం కట్టు వేసి వచ్చేవాడు. అది 1989 దాకా సాగింది.

కారు పని దసరాకు ఒక రోజు ముందు పూర్తయింది. రామేశ్వర్‌రావు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. అతనికి డ్రైవింగ్ రాదు. కొత్త డ్రైవర్‌ను ఇంకా ఎవరినీ మాట్లాడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, పట్టుకుని కాసేపు నిలబడి, మొండయ్యకు ఇచ్చాడు.

"చూడు, స్టార్టయితదా."

మొండయ్య సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఇంజను అందుకుంది. అంబదాస్ ముందు నిలబడి ఒక్కోటి అడిగాడు, మొండయ్య లోపలి నుంచి ఒక్కో స్విచ్ వేశాడు. హెడ్‌లైటు వెలిగింది, డిమ్ము వెలిగింది. వెనక్కి వెళ్లి బ్రేకు తొక్కమన్నాడు, వెలిగింది. రెండు హారన్లూ మోగాయి. మొండయ్య కారును వెనక్కి తీసి, షెడ్డులో పెట్టకుండా, ఇంటి ముందు వసారా దాకా తీసుకెళ్లి ఆపాడు. దిగి తాళం వేసి, చెవిని తన అంగీ జేబులో వేసుకున్నాడు. రావు చూశాడు గాని అడగలేదు. మరుసటి రోజు పొద్దున మొండయ్యే కారు కడిగి, పూజకు మామిడాకులు కట్టాడు. వెళ్లిపోయే సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కారు తర్వాత ఏడేళ్లు నడిచింది. మొండయ్య రోజూ పొద్దున బానెట్ ఎత్తి, దారం కట్టు మీద బొటనవేలు పెట్టి కొస దాకా తడిమి చూసేవాడు. అంబదాస్ మాట మీద అతనికి పూర్తి నమ్మకం ఎప్పటికీ కుదరలేదు. అన్నం మిల్లు అరుగు మీద తినేవాడు. 1991లో మంచిర్యాల వెళ్లి వస్తుండగా బ్రేకు లైటు ఆరిపోతే, మూడు ముళ్లున్న వైరు వెతికి పట్టి, ఊడిన కొసను తనే బిగించుకున్నాడు. ఆ సంగతి అంబదాస్‌కు చెప్పడానికి కరీంనగర్‌లో తర్వాతొక రోజు ప్రత్యేకంగా బస్సు దిగాడు. డబ్బా ముందు నిలబడి, "మూడే ముళ్లు కదా బ్రేకుకు" అని మాత్రం అడిగి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

1993 వానాకాలంలో మొండయ్య కళ్లకు మసక కమ్మింది. ఎదురొచ్చే లారీ ఒకటో రెండో తెలియడం లేదని జానకీబాయితో చెప్పాడు. ఒక సోమవారం కారు కడిగి, వసారాలో పెట్టి, లోపలికి వెళ్లి తాళంచెవిని రామేశ్వర్‌రావు బల్ల మీద పెట్టాడు. ఈసారి రావు దాన్ని వెంటనే తీసుకోలేదు. సాయంత్రం దాకా అది బల్ల మీదే ఉంది.